పడిపోవడంలో శిక్షణ

2007 జూన్‌లో నన్ను విజయవాడ బందరు రోడ్డు పక్కన మా కంపెనీ కడుతున్న పది అంతస్తుల భవనానికి సేఫ్టీ ఆఫీసరుగా బదిలీ చేశారు. కింద దుకాణాలు, పైన ఆఫీసులు వచ్చే కట్టడం అది. నేను చేరేనాటికి స్లాబులన్నీ పడ్డాయి. బయటి గోడల ప్లాస్టరింగ్ మొదలుకావలసి ఉంది. కట్టుబడి పనుల్లో మనుషులు ఎక్కువగా పడేది ఈ దశలోనే.

సేఫ్టీ ఆఫీసరంటే ఏమిటో తెలియని పాఠకులకు ఒక మాట. హోదాలో అతను సైట్ ఇంజనీరుతో సమానం, ప్రాజెక్టు మేనేజరుకు ఒక మెట్టు కింద. పని ఆపించే అధికారం ఉంటుంది, చేయించే అధికారం ఉండదు. అందువల్ల అతను గేటు దాటి లోపలికి వస్తుంటే సంతోషించేవారు ఎవరూ ఉండరు. నాకు ఇందులో ఇబ్బంది కలగలేదు. మాది కంకిపాడుకూ ఉయ్యూరుకూ మధ్య ఉన్న ఒక ఊళ్ళో చిన్న దివాణం. నేను పుట్టేనాటికే చెరుకు తోటలు చేతులు మారిపోయాయి. దివాణమన్న పిలుపు మిగిలింది. దాంతోపాటు, కొనేవాళ్ళు లేక కొన్ని పద్ధతులు కూడా మిగిలాయి. మగవాడు నడుము వంచి కూర్చోకూడదు, వీధిలో పరుగెత్తకూడదు, పనివాళ్ళ ఎదుట గొంతు పెంచకూడదు. సైటులోనూ నేను అలాగే ఉన్నాను. రోహిణి ఎండల్లో కూడా చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకునేవాణ్ణి. ఇందుకు నన్ను చూసి నవ్వుకున్నవారు ఉన్నారు. నవ్వుకోనిచ్చాను.

బయటి గోడల పని వీరాస్వామి అనే తాపీ మేస్త్రి ముఠాకు ఇచ్చారు. కూచిపూడి పక్క ఊరివాడు. యాభై దాటిన మనిషి, బిరుసు మీసం. పద్నాలుగు కుటుంబాలను వెంట తెచ్చుకున్నాడు. మగవాళ్ళు పరంజా ఎక్కి పూత పూసేవారు, ఆడవాళ్ళు కింద సిమెంటు మాలు కలిపి అందించేవారు. వాళ్ళు పూసిన గోడకు పొడవాటి బద్ద ఆనించి చూస్తే మధ్యలో వెలుతురు దూరేది కాదు. మీ ఊరివాళ్ళకు నాట్యం వస్తుందా అని ఎవరైనా అడిగితే వీరాస్వామి, "అది పక్కూరోళ్ళకండీ. మాకు ఎక్కటమే వచ్చు" అనేవాడు.

చిక్కంతా ఆ ఎక్కడంలోనే ఉంది. ఎత్తున పనిచేసేవాడు ఒంటికి సేఫ్టీ బెల్టు కట్టుకోవాలి. పై అంతస్తు స్తంభానికి కట్టి కిందికి వదిలిన నైలాన్ తాడు ఒకటి ఉంటుంది, దాన్ని లైఫ్‌లైన్ అంటారు. బెల్టు కొక్కేన్ని దానికి తగిలించాలి. వీరాస్వామి ముఠా బెల్టులైతే కట్టుకునేది. కొక్కేలు మాత్రం వెనకాల తోకల్లా వేలాడుతుండేవి. కింద నుంచి తలెత్తి చూసే మేనేజరుగారికి అందరూ భద్రంగానే కనిపించేవారు. నేను పైకెక్కి చూసేవాణ్ణి కాబట్టి నాకు తోకలు కనిపించేవి.

రోజూ పొద్దున పని మొదలయ్యే ముందు పది నిమిషాలు జాగ్రత్తలు చెప్పాలి. దానికి టూల్‌బాక్స్ టాక్ అని పేరు. అందులో చెప్పిచూశాను. గోడల మీద బొమ్మలు అంటించాను. ఒకసారి పని కూడా ఆపించాను. వీరాస్వామి చేతులు కట్టుకుని నిలబడి, ఎంతో మర్యాదగా అడిగాడు.

"ముప్పయ్యేళ్ళబట్టీ గోడలెక్కుతున్నానండీ. ఇప్పుడు గేదెను కట్టినట్టు నన్ను కట్టేస్తానంటారేంటండీ?"

ముఠా మొత్తం అతని మీసం కేసి చూసి, అది ఎటు తిరిగితే అటు తిరిగేది.

ప్రాజెక్టు మేనేజరు ప్రసాదరావుగారు సంగతి తేల్చేశారు. సెప్టెంబరులో ప్రధాన కార్యాలయం నుంచి తనిఖీ బృందం వస్తుంది. "కోదండరావుగారూ, ఆ రోజుకి ఒక్క కొక్కెం వేలాడినా ఆ ముఠాను ఊరికి పంపించేస్తా. వేరే ముఠా సిద్ధంగా ఉంది. ఆ మాట వాళ్ళకి మీరే చెప్పండి" అన్నారు. చెప్పాను. పద్నాలుగు కుటుంబాల తిండి ఆ కొక్కేనికి వేలాడుతోందని వీరాస్వామికి అర్థమయింది. తనిఖీ రోజున తగిలిస్తామన్నాడు. మిగతా రోజుల సంగతి అడిగితే మీసం దువ్వుకున్నాడు. నాకు కావలసింది ఆ మిగతా రోజులే. మనుషులు తనిఖీ రోజు చూసుకుని పడరు.

ఈలోగా ప్రధాన కార్యాలయం నుంచి ఒక పెట్టె దిగింది. తలకు తగిలించుకునే బరువైన పరికరం. లోపల కంటికొకటి చొప్పున రెండు చిన్న తెరలు, వెనక నుంచి కంప్యూటరు దాకా లావుపాటి తీగలు. వర్చువల్ రియాలిటీ అన్న మాట మేము అప్పుడే విన్నాం. పరికరం వెంట స్రవంతి అనే ఇంజనీరు వచ్చింది. మా భవనాన్ని ఆమె నక్షాల నుంచి కంప్యూటర్లో మూడు కొలతల్లో కట్టేసింది. పరికరం పెట్టుకుంటే తొమ్మిదో అంతస్తు పరంజా మీద నిలబడినట్టు ఉంటుంది. తల తిప్పితే చుట్టూ కనిపిస్తుంది. చేతిలోని మీట నొక్కితే కొక్కెం తగిలినట్టు లెక్క. నొక్కకుండా మాలు నింపిన ఇనుప గమేళా అందుకోబోతే కాలి కింది చెక్క ఒరుగుతుంది, మనిషి తొమ్మిది అంతస్తులూ పడతాడు. నేల తగలగానే తెర ఎర్రబడి అక్షరాలు వస్తాయి. భయం పుట్టించి బుద్ధి చెప్పాలన్నది పైవాళ్ళ ఆలోచన.

కంప్యూటరు వేడెక్కకూడదని ఆఫీసు గదికి ఏసీ పెట్టించారు. మేనేజరుగారి గదికి కూడా అప్పటికి ఏసీ లేదు. ఈ ఒక్క కారణంతో శిక్షణకు హాజరు బ్రహ్మాండంగా వచ్చింది.

మొదటి రోజు ముఠా మనుషులు పరికరం పెట్టుకుని, "ఇదెవరి బిల్డింగండీ?" అన్నారు. స్రవంతి పరంజాను ఇనుప గొట్టాలతో, రెండు వరసల కడ్డీలతో ముచ్చటగా కట్టింది. మాది సరుగుడు కర్రల బాదులు, కొబ్బరితాడు. పైగా చుట్టూ బూడిదరంగు తప్ప ఏమీ లేదు. "కృష్ణ ఏదమ్మా? కొండేది?" అని అడిగారు. ఆమె పట్టుదల గల మనిషి. నాలుగు రోజులు కూర్చుని బాదులు, తాళ్ళు, బ్యారేజీ, కనకదుర్గమ్మ కొండ అన్నీ పెట్టింది. అప్పటినుంచి వాళ్ళు శిక్షణకు కాక కొండ చూడడానికి రాసాగారు. ఒకతను పరంజా మీద నిలబడి చెప్పులు విప్పి దణ్ణం పెట్టుకున్నాడు. దణ్ణం పెడుతూనే పడిపోయాడు.

పడిపోవడం వాళ్ళకు ఎంత నచ్చిందంటే, అది నా ఉద్యోగానికే ప్రమాదమని తోచింది. గుడివాడ తిరునాళ్ళలో రంగులరాట్నం దగ్గరిలా వరస కట్టారు. మీట నొక్కమంటే నొక్కరు, నొక్కితే పడరు కదా. "ఇంకోసారండీ, ఈసారి బ్యారేజీ వైపు పడతాను" అని బతిమాలేవారు. చివర్లో ఇంగ్లీషులో వచ్చే అక్షరాలను స్రవంతి తెలుగులోకి మార్చి "మీరు మరణించారు" అని పెట్టింది. అది చదివించుకుని ఒక మేస్త్రి, "చచ్చాకన్నా మర్యాదిచ్చారండీ" అన్నాడు. వారం గడిచింది. పరంజా మీద తోకలు మునుపటిలాగే వేలాడుతున్నాయి. ఇప్పుడు పడడం సరదా అని కూడా వాళ్ళకు తెలిసింది.

వీరాస్వామి మాత్రం ఆ గదిలోకి అడుగు పెట్టలేదు. ఆటవస్తువుతో తనకేం పనన్నాడు.

ఈ దశలో నేను తెర కేసి చూడడం మానేసి, తలుపు కేసి చూడసాగాను. అక్కడ నాగరత్నం నిలబడి ఉండేది. మాలు అందించే ఆడవాళ్ళకు ఆమె పెద్ద. వీరాస్వామి భార్యకు చెల్లెలు, అంటే అతనికి మరదలు. బావను నలుగురిలో ఆడుకునే హక్కు ఆమెకు పుట్టుకతో వచ్చింది, ఆమె దాన్ని ఖాళీగా ఉంచలేదు. ఆ ముఠాలో ఒక ఆచారం ఉంది. ఎవరినీ అసలు పేరుతో పిలవరు. ఏదో ఒక రోజు మనిషి చేసిన వెర్రిమొర్రి పనిని బట్టి పేరు పడుతుంది, ఇక జీవితాంతం అదే. పొద్దున హాజరు కూడా ఆ పేర్లతోనే పిలిచేవారు. పేర్లు పెట్టేది నాగరత్నం. లోపల పడుతున్నవాడి ముఖం పరికరంలో ఉంటుంది, ఒళ్ళు మాత్రం గదిలోనే ఉంటుంది కదా. ఆ ఒళ్ళు చేసే విన్యాసాలు చూసి ఆమె పెద్దగా నవ్వినప్పుడల్లా పడేవాడు పరికరం తీసి, "ఏంటి, ఏం చేశాను?" అని కంగారుగా అడిగేవాడు. తొమ్మిది అంతస్తులు పడ్డవాడికి లేని బెదురు అప్పుడు కనిపించేది.

మేనేజరుగారి అనుమతి తీసుకుని పద్ధతి మార్చాను. సరదాకు పడడం రద్దు. పరంజా మీద కొక్కెం తగిలించకుండా దొరికినవాడు మాత్రమే పడాలి. అది కూడా ఏసీ గదిలో కాదు, సాయంత్రం టీ వేళ, సిమెంటు షెడ్డు ముందు, అందరి ఎదుటా. అతనికి కనిపించేది అందరికీ కనిపించేలా పక్కన పెద్ద టీవీ. ఆడవాళ్ళకు ముందు వరస. పేరు పెట్టే బాధ్యత నాగరత్నానిది. ఆమె కొంగు బిగించి, "ఎన్ని పేర్లు కావాలండీ?" అంది.

మొదటి రోజే ముగ్గురు పడ్డారు. ఒకడు నిలబడ్డచోటే ఈత కొట్టాడు. ఒకడు ఒంటికాలి మీద గిరగిరా తిరిగాడు, కూచిపూడి వాళ్ళు చూస్తే పిలిపించుకుంటారని కేకలు పడ్డాయి. మూడోవాడు అత్తగారిని పేరు పెట్టి పిలిచాడు. మర్నాడు హాజరులో మూడు కొత్త పేర్లు వినిపించాయి. పరంజా మీద తోకలు సగానికి సగం తగ్గాయి.

మిగతా సగం వీరాస్వామిని చూసి ఆగింది. నాలుగో రోజున అతను ఎనిమిదో అంతస్తులో కొక్కెం లేకుండా నాకే దొరికాడు. సాయంత్రం షెడ్డు ముందుకు రమ్మన్నాను. వచ్చాడు. వచ్చి, ముఠా అంతా వింటుండగా అన్నాడు.

"నేను పడతానండీ. కానీ పెద్దోళ్ళు మీరు. మీ తరవాత మేం. ముందు మీరు పడండి, ఆ ఎనకాల నేను పడతా. తరవాత మీరు చెప్పినట్టు రోజూ తగిలిస్తా, మావాళ్ళూ తగిలించేట్టు చూస్తా."

ప్రసాదరావుగారు నన్ను పక్కకు పిలిచి, మీ హోదాకు అవసరం లేదు, నేనే వాణ్ణి పంపించేస్తానన్నారు. పంపిస్తే కొత్త ముఠా వస్తుంది, కొత్త తోకలు వస్తాయి. పైగా ఒక మనిషి నలుగురి ముందు సూటిగా అడిగినప్పుడు మా ఇంట్లో వెనక్కి తగ్గడం లేదు. భూములు పోయింది చాలావరకు ఆ పద్ధతి వల్లే. నేను చొక్కా సర్దుకుని చెక్క మీదికి వెళ్ళాను. పడేవాడు నిలబడడానికి వేసిన ఆ చెక్క నేలమీదే ఉంటుంది, బెత్తెడు ఎత్తు కూడా ఉండదు.

స్రవంతి పరికరం తగిలించింది. కొండ కనిపించింది, బ్యారేజీ కనిపించింది. నేను నిటారుగానే నిలబడ్డాను. చేయి చాచి గమేళా అందుకోబోయాను. చెక్క ఒరిగింది.

ఆ తరువాత జరిగింది నేను ఇతరుల నోట విన్నదే. నేను ఒరగలేదట, చేతులు కూడా ఆడించలేదట. నిటారుగా, మెడ దాకా గుండీలతో, కుడిచేయి ముందుకు చాచి, మా తాతగారి కాలంలో దివాణం అరుగు మీద నుంచి నౌకర్లను పిలిచే గొంతుతో గట్టిగా అరిచానట.

"ఎవర్రా అక్కడ!"

తొమ్మిది అంతస్తుల పొడుగునా మూడుసార్లు అరిచానట. పట్టుకోవడానికి ఒక్క నౌకరూ రాలేదు. నేల వచ్చింది. "మీరు మరణించారు" అని నాకు కూడా మర్యాదగానే తెలియజేసింది.

పరికరం తీసేసరికి ఇసుక కుప్ప మీద మనుషులు దొర్లుతున్నారు. ప్రసాదరావుగారు సిమెంటు బస్తాల వైపు తిరిగి నవ్వాపుకోలేక భుజాలు కదిలిస్తున్నారు. నాగరత్నం నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "పేరు నేను పెట్టక్కర్లేదండీ. మీరే పెట్టేసుకున్నారు" అంది. నేను చొక్కా సర్దుకుని, "వీరాస్వామీ, నీ వంతు" అన్నాను.

వీరాస్వామి మాట తప్పలేదు. మీసం ఒకసారి దువ్వుకుని ఎక్కాడు. అరవకూడదని గట్టిగా నిర్ణయించుకున్నట్టున్నాడు, నోరు తెరవనే లేదు. కానీ చేతులు నోటి మాట వినలేదు. గాలిలో వెతికి వెతికి, పక్కనున్న మంచినీళ్ళ కూలరును దొరకబుచ్చుకుని రెండు చేతులా కావిలించుకున్నాడు. నేల వచ్చాక కూడా వదల్లేదు.

"అక్కనుకున్నావా బావా? అక్క ఇంటికాడుంది, అది కూలరు!" అని అరిచింది నాగరత్నం.

మర్నాటి హాజరులో అతను కూలరు బావ. నేను ఎదురుపడనప్పుడు నా పేరు ఎవర్రా అక్కడ. ఎదురుపడినప్పుడు మునుపటిలాగే సార్.

ఆ రోజు నుంచి వీరాస్వామి కొక్కెం తగిలించాడు, ముఠా తగిలించింది. అయితే నిజం రాస్తానని కూర్చున్నాను కాబట్టి ఇది కూడా రాయాలి. తగిలించేవారు, కాసేపటికి అటూ ఇటూ జరగడానికి అడ్డమని విప్పేవారు, మళ్ళీ తగిలించడం మరిచిపోయేవారు. అందుకని కింది ఆడవాళ్ళు ఒక ఏర్పాటు చేసుకున్నారు. నేను గేటు దగ్గర కనిపించగానే నాగరత్నం మాలు గమేళా మీద చేత్తో కొట్టి, "ఎవర్రా అక్కడ!" అని నా గొంతుతోనే కేక పెట్టేది. పైన కొక్కేలన్నీ తాళ్ళకు టకటకమని పడేవి. నా రాకను దొంగలకు పోలీసు రాకలా చాటించే ఏర్పాటు అది. నాకు మూడో రోజే తెలిసింది. ఆపించలేదు. ఆ టకటక నాకు వినసొంపుగా ఉండేది. రోజూ వెళ్ళే వేళలు మార్చి, గేటు దాకా వచ్చి, చప్పుడు విని వెనక్కి పోయిన సందర్భాలు కూడా ఉన్నాయి.

నాగరత్నం అంతటితో ఆగే మనిషి కాదు. బావ కంగారుపడి కొక్కెం వెతుక్కోవడం ఆమెకు వేడుక. నేను సైటులో లేనప్పుడు కూడా కేక పెట్టడం మొదలుపెట్టింది.

సెప్టెంబరు మొదట్లో ఒక ముసురు రోజు. నేను గేటు బయట టీ కొట్టు దగ్గర నిలబడి ఉన్నాను. లోపల నుంచి నా కేక నాకే వినిపించింది, వెంటనే పైనుంచి టకటక. ఇంకో నిమిషానికి పెళపెళమన్న చప్పుడు, ఆడవాళ్ళ అరుపులు. నేను లోపలికి వెళ్ళాను. పరుగెత్తానని టీ కొట్టు అతను తరువాత అన్నాడు. అతను పొరబడి ఉండవచ్చు.

ఏడో అంతస్తు దగ్గర నానిన కొబ్బరితాడు జారి ఒక బాదు కిందికి వచ్చేసింది. దాని మీది చెక్క కూడా. చెక్క మీద ఉన్న వీరాస్వామి రాలేదు. లైఫ్‌లైన్‌కు వేలాడుతూ, నెమ్మదిగా గుండ్రంగా తిరుగుతున్నాడు, ఒకసారి గోడ వైపు, ఒకసారి బందరు రోడ్డు వైపు. చేతిలో తాపీ అలాగే ఉంది. పైవాళ్ళు లాగి కిటికీ గుండా లోపలికి తెచ్చారు.

అతను కిందికి దిగి మంచినీళ్ళు తాగి, నా దగ్గరికి వచ్చి చేసిన మొదటి పని ఫిర్యాదు.

"సార్, మీరు లోపల లేరు గదండీ?"

లేనన్నాను.

"మరి ఇది మీరొచ్చారని అబద్ధానికరిచిందండీ. ఇప్పేసి ఉంది నా కొక్కెం. దీని కేక ఇని హడావిడిగా తగిలించుకున్నా. ఇట్టా అబద్ధాలాడితే ఎట్టాగండీ? రూలు రూలే. దీన్ని కూడా పడెయ్యండి."

నాగరత్నం ముఖం ఇంకా తేరుకోలేదు. అయినా, "పడెయ్యనీ బావా, నిన్ను చూసి నేర్చుకున్నాగా" అంది. ఆ సాయంత్రం టీ వేళ ఆమెను చెక్క ఎక్కించాం. పరికరం పెట్టుకుని, కొండకు దణ్ణం పెట్టి, చేయి ముందుకు చాచి, మెడ నిటారుగా నిలిపి, తొమ్మిది అంతస్తులూ నాలాగే అరుస్తూ పడింది. నాకంటే బాగా చేసిందని అందరూ అన్నారు. కూలరు బావ అందరికంటే గట్టిగా నవ్వాడు. నవ్వి, షెడ్డు వెనక్కి వెళ్ళి చాలాసేపు కూర్చుని వచ్చాడు.

ప్రాణాపాయం తప్పిన ఘటనను మా వృత్తిలో నియర్ మిస్ అంటారు, దానికి నివేదిక పంపాలి. కార్మికుడు ఆ క్షణంలో కొక్కెం తగిలించి ఉండడానికి కారణమేమిటన్న గడి దగ్గర "శబ్ద హెచ్చరిక అందినందున" అని రాశాను. ఆ హెచ్చరిక యంత్రం ఏ కంపెనీదో, మిగతా సైట్లకు ఎక్కడ దొరుకుతుందో తెలియజేయమని ప్రధాన కార్యాలయం అడిగింది. స్థానికంగా తయారైనదని, తరలించడానికి వీలుకాదని జవాబిచ్చాను. తనిఖీ బృందం వచ్చి తలలెత్తి చూసి వెళ్ళింది. ముఠా పని పూర్తయ్యేదాకా ఉంది.

ఆ పరికరం తరువాత చాలా సైట్లు తిరిగింది. ఎక్కడికి పంపినా దాన్ని ఏసీ గదిలో పెట్టి, తలుపు మూసి, ఒక్కొక్కరికే చూపించారని విన్నాను. పెద్దగా ఫలితం లేదని రాసుకున్నారట. నేను తెలుసుకున్నది ఇంత. ఎత్తున పనిచేసేవాడికి చావు కొత్త కాదు, దాని పక్కనే రోజూ భోజనం చేస్తాడు. నలుగురిలో నవ్వులపాలు కావడం అతనికి అలవాటు కాదు. జాగ్రత్త నేర్పాలంటే అతను దేనికి వెరుస్తాడో అక్కడ మొదలుపెట్టాలి, మనం దేనికి వెరుస్తామో అక్కడ కాదు. నేర్పేవాడు ముందుగా తన వంతు పడాలి. యంత్రం ఎంత ఖరీదైనదైనా ఆ పని దానికి అప్పగించడం కుదరదు.

వీరాస్వామి ముఠాతో ఆ తరువాత మరో రెండు సైట్లలో పనిచేశాను. వాటిలో చివరిదాంట్లో నేను పదవీ విరమణ చేసిన రోజున దండలు, శాలువాలు అయ్యాక గేటు దాటుతుంటే, మాలు కలిపే చోటి నుంచి ఒక ఆడగొంతు నా కేక పెట్టింది. నేను తలెత్తలేదు. పైన కొక్కేలన్నీ పడేదాకా నిలబడి, విని, ఇంటికి వెళ్ళాను.